తుపాను అంకెలు – వాటి వెనుక ఉన్న ప్రమాదం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సమావేశంలో తుపానుల గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం వారు కోరారు. పిల్లల చదువులు, స్కాలర్‌షిప్పులు, పేద ఆడపిల్లల వివాహాలు వగైరా విషయాలు మాట్లాడుకునే వేదిక మీద గాలివానల ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చు. కాని సంఘం పదేళ్ళు కష్టపడి ఒక కుటుంబాన్ని నిలబెడితే, ఒక్క రాత్రి గాలివాన ఆ కుటుంబాన్ని మళ్ళీ మొదటికి తెస్తుంది. కనుక ఇది కూడా సంక్షేమం కిందికి వచ్చే సంగతే అని మేము భావిస్తున్నాము.

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే చాలు – అల్పపీడనం, వాయుగుండం, మూడో నంబరు ప్రమాద సూచిక అనే మాటలు మన చెవిన పడుతూ ఉంటాయి. వెనుకటి రోజుల్లో రేడియోలో వినేవాళ్ళం, ఇప్పుడు చేతిలో ఫోన్లోనే వస్తున్నాయి. వింటున్నాం గాని, ఆ మాటల్లో ఏది చిన్నదో, ఏది పెద్దదో, ఏ అంకె దేన్ని గురించి చెబుతున్నదో మనలో ఎంతమందికి తెలుసు? తెలియకపోతే రెండు నష్టాలు. భయపడనక్కరలేనప్పుడు భయపడతాం. కదలవలసినప్పుడు కదలకుండా కూర్చుంటాం. రెండోది ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. అట్లాంటిక్ సముద్రంలో, అమెరికా చుట్టుపక్కల దీనిని హరికేన్ అంటారు. చైనా, జపాను సముద్రాలలో టైఫూన్ అంటారు. మన బంగాళాఖాతంలో సైక్లోన్ అంటారు. మూడూ ఒకే జాతి గాలివానలే. సైక్లోన్ అనే మాట పుట్టింది కూడా మన దేశంలోనే. కలకత్తాలో ఉద్యోగం చేసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు, గాలులు పాము చుట్టలాగా తిరగడం గమనించి, 1840ల్లో ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు.

వేడెక్కిన సముద్రపు నీరు ఆవిరై పైకి లేస్తుంది. ఆ ఆవిరి మేఘంగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి పోతుంది, కింద గాలి పీడనం తగ్గుతుంది, చుట్టుపక్కల గాలి అక్కడికి పరుగెత్తి వస్తుంది. భూమి తిరుగుతూ ఉండటం వల్ల ఆ గాలి తిన్నగా రాక గుండ్రంగా తిరుగుతుంది. మన అర్ధగోళంలో ఆ తిరుగుడు గడియారం ముళ్ళకు ఎదురు దిశలో ఉంటుంది. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి, దీనితో మనకు తర్వాత పని ఉన్నది.

ఇక అంకెలు. మన భారత వాతావరణ శాఖ వారు గాలి వేగాన్ని బట్టి మెట్లు కట్టారు. గాలి గంటకు 31 కిలోమీటర్ల లోపు ఉంటే అల్పపీడనం. 31 నుంచి 49 దాకా వాయుగుండం. 50 నుంచి 61 దాకా తీవ్ర వాయుగుండం. 62 దాటితేనే అది తుపాను అవుతుంది, దానికి పేరు పెడతారు. 89 నుంచి 117 దాకా తీవ్ర తుపాను. 118 నుంచి 166 దాకా అతి తీవ్ర తుపాను. 167 నుంచి 221 దాకా అత్యంత తీవ్ర తుపాను. 222 గాని, ఆ పైన గాని ఉంటే సూపర్ సైక్లోన్ అంటారు.

అమెరికాలో లెక్క వేరు. అక్కడ హెర్బర్ట్ సఫీర్ అనే ఇంజనీరు, రాబర్ట్ సింప్సన్ అనే వాతావరణ శాస్త్రవేత్త కలిసి 1970ల తొలినాళ్ళలో ఒక కొలబద్ద తయారు చేశారు. అందులో అయిదు తరగతులు. గంటకు 119 కిలోమీటర్ల వద్ద ఒకటో తరగతి మొదలవుతుంది, 252 దాటితే అయిదో తరగతి. సఫీర్ ఇంజనీరు కాబట్టి ఆయన దృష్టి ఇళ్ళ మీద ఉన్నది. ఏ గాలికి పైకప్పు పోతుంది, ఏ గాలికి గోడ కూలుతుంది అన్నది ఆయన లెక్క. ఒక సంగతి మరవకూడదు. మన వాళ్ళు మూడు నిమిషాల సగటు గాలిని చెబుతారు, అమెరికా వాళ్ళు ఒక్క నిమిషం సగటు చెబుతారు. అందుచేత ఒకే తుపానుకు రెండు చోట్ల రెండు అంకెలు కనబడితే ఒకరు అబద్ధం చెబుతున్నారని అనుకోనక్కరలేదు.

గాలి వేగం రెట్టింపు అయితే దాని తోపుడు రెట్టింపు కాదండీ, నాలుగు రెట్లవుతుంది. మూడింతలైతే తొమ్మిది రెట్లు. 60 కిలోమీటర్ల గాలికి కొమ్మలు విరుగుతాయి, తాటాకులు ఎగురుతాయి. 120కి రేకులు లేచి కత్తుల్లా తిరుగుతాయి. 180కి కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోతాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం మీదికి వచ్చిన హుద్‌హుద్ తుపానులో ఇదంతా చూశాం. ఊళ్ళో పచ్చని చెట్టన్నది మిగలలేదు, విమానాశ్రయం పైకప్పు దెబ్బతిన్నది, రోజుల తరబడి కరెంటు లేదు. ఆ పేరు ఇచ్చింది ఒమన్ దేశం. సులైమాన్ ప్రవక్త వద్దకు వార్త మోసుకొచ్చిన పక్షి పేరది. మన ఇళ్ళలో పిల్లలందరికీ తెలిసిన పేరే.

ఇంతవరకు చెప్పింది గాలి. ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాం. ఈ మెట్లన్నీ, ఈ తరగతులన్నీ గాలిని కొలిచేవే. కాని మన తీరంలో తుపానులు జనాన్ని ఎక్కువగా చంపింది గాలితో కాదు, నీటితో.

సముద్రపు నీరు గోడలాగా లేచి ఊళ్ళ మీదికి రావడాన్ని మన పెద్దలు ఉప్పెన అన్నారు. తుపాను మధ్యన గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి నీరు కొంచెం పైకి లేస్తుంది. ఒక మిల్లీబారు తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు నీరు లేస్తుంది. అంటే 50 మిల్లీబార్లు తగ్గినా అర మీటరే. మిగతా ఎత్తంతా గాలి తోసుకొచ్చిందే. లోతైన సముద్రంలో అయితే ఆ నీరు కిందికి జారిపోతుంది. మన కృష్ణా, గోదావరి ముఖద్వారాల వద్ద సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. నీటికి పోయే దారి లేక, ఎత్తుగా లేచి నేల మీదికి వస్తుంది. ఘనపు మీటరు నీరు టన్ను బరువు ఉంటుంది. అంత బరువు పరుగున వచ్చి తాకితే మట్టి గోడ ఎంత, ఇటుక గోడ ఎంత?

ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ పనికొస్తుంది. తుపాను తూర్పు నుంచి మన తీరం వైపు వస్తున్నదనుకోండి. గాలి గడియారానికి ఎదురుగా తిరుగుతుంది కనుక, కేంద్రానికి ఉత్తరాన ఉన్న ఊళ్ళ మీదికి గాలి సముద్రం వైపు నుంచి నేల వైపుకు వీస్తుంది. ఉప్పెన వచ్చేది ఆ పక్కనే. దక్షిణాన గాలి నేల మీద నుంచి సముద్రంలోకి పోతుంది. అందుచేత తుపాను ఫలానా ఊరి దగ్గర తీరం దాటుతుందట, అది మనకు దూరం లెండి అని నిశ్చింతగా ఉండటం మంచిది కాదు. మనం ఆ ఊరికి ఏ పక్క ఉన్నామో చూసుకోవాలి.

1977 నవంబరు 19 ఇందుకు సాక్ష్యం. తుపాను తీరం దాటింది చీరాల ప్రాంతంలో. మనుషులు వేలల్లో పోయింది దానికి ఈశాన్యాన ఉన్న దివిసీమలో. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన ఉప్పెన మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప – ఆ పేర్లు తలుచుకుంటే ఈనాటికీ మనసు కలుక్కుమంటుంది. సుమారు పదివేల మంది చనిపోయారు. పశువులకు లెక్కే లేదు. శవాలకు కులం, మతం తెలియలేదు, గుర్తుపట్టేవాళ్ళు కూడా మిగలలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు అందరికీ అంతిమ సంస్కారాలు చేశారు.

అంతకు 113 ఏళ్ళ ముందు, 1864 నవంబరు 1న, మచిలీపట్నం బందరు మీద ఇలాంటి ఉప్పెనే విరుచుకుపడింది. సుమారు 30 వేల మంది పోయారు. ఒకప్పుడు గోల్కొండ రాజ్యానికి ముఖ్య రేవుగా ఉండి, పర్షియా, అరబ్బు దేశాలకు ఓడలు నడిపిన పట్టణం ఆ దెబ్బకు బాగా చితికిపోయింది. అదే ఏడు అక్టోబరులో కలకత్తాను కూడా పెద్ద తుపాను కొట్టింది. అటు తుపానులు, ఇటు కరువులు చూసిన తర్వాతే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

గాలి అంకె నీటి సంగతి చెప్పదన్నది అమెరికా వారికి కూడా అనుభవం మీదనే తెలిసింది. 2005లో కత్రినా తుపాను లూసియానా తీరం తాకే వేళకు మూడో తరగతికి దిగింది. తరగతి తగ్గింది గాని, సముద్రం మీద ఉండగా అది లేపిన నీరు తగ్గలేదు. మిసిసిపీ తీరంలో ఉప్పెన 27 అడుగులు దాటింది, న్యూ ఆర్లీన్స్ నగరంలో కట్టలు తెగాయి, వెయ్యి మందికి పైగా చనిపోయారు. చివరకు 2010లో ఆ కొలబద్ద నుంచి ఉప్పెన ఎత్తులను తీసేసి, ఇది కేవలం గాలి కొలబద్ద అని పేరులోనే రాసుకున్నారు. ఉప్పెన హెచ్చరికలు విడిగా చెప్పడం మొదలుపెట్టారు.

ఇక మూడోది వాన. దీనికి గాలి అంకెతో అసలే సంబంధం లేదు. తుపాను ఎంత నెమ్మదిగా కదిలితే అంత వాన ఒకే చోట కురుస్తుంది. 2017లో హార్వే తుపాను టెక్సాస్‌లో నేల మీదికి వచ్చి బలహీనపడిన తర్వాతనే రోజుల తరబడి కదలకుండా కురిసి హ్యూస్టన్ నగరాన్ని ముంచింది. మన హైదరాబాదు సంగతి చూడండి. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటింది తుపాను కాదు, తీవ్ర వాయుగుండం మాత్రమే. దానికి పేరు కూడా లేదు. అది లోపలికి నడిచి వచ్చి బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన కురిపించింది. పాతబస్తీలో చెరువుల కింద ఉన్న కాలనీలు మునిగాయి, వీధుల్లో మనుషులు కొట్టుకుపోయారు. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్నాం కదా అనుకునే మన హైదరాబాదు బంధువులకు ఈ మాట తప్పక చెప్పండి. చెరువు శిఖంలో కట్టిన ఇంటికి వాయుగుండమైనా ఒకటే, తుపానైనా ఒకటే.

ఇప్పుడు రేవుల్లో ఎగురవేసే ప్రమాద సూచికల సంగతి. మూడో నంబరు కంటే ఏడో నంబరు పెద్దదనీ, ఏడు కంటే పది పెద్దదనీ మనం పరీక్ష మార్కుల్లాగా లెక్కవేస్తాం. అది పూర్తిగా నిజం కాదు. ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న గాలివానను గురించినవి. మూడు, నాలుగు ఈ రేవుకే ఈదురుగాలులు తగలవచ్చునని చెప్పేవి. అయిదు, ఆరు, ఏడు నంబర్లు మూడూ తుపాను ప్రమాదాన్నే చెబుతాయి. తేడా దారిలో ఉన్నది. తుపాను నడిచే దారికి రేవు ఎడమ పక్కన పడితే అయిదు, కుడి పక్కన పడితే ఆరు, రేవు మీదుగా గాని చాలా దగ్గరగా గాని వస్తే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అదే వరస, కాకపోతే తీవ్ర తుపానుకు. పదకొండు అంటే హెచ్చరికల కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. కనుక అయిదు ఎగిరితే ఏడు దాకా ఆగుదాం అనుకోవడం తెలివైన పని కాదు. అయిదు దాటిందంటే అది మన ఊరి ప్రమాదమే.

ఇంకొక హెచ్చరిక. తుపాను మధ్యలో కన్ను అనే ప్రశాంతమైన చోటు ఉంటుంది. అది మన ఊరి మీదుగా పోయేటప్పుడు హోరు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, ఆకాశం తేటపడినట్టు కూడా ఉంటుంది. అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు – పశువులను చూద్దామని, పక్కింటి వాళ్ళను పలకరిద్దామని. కాసేపటికే గాలి అటు నుంచి ఇటు తిరిగి అంతకంత బలంతో కొడుతుంది. మొదటి గాలికి వదులైన గోడలు ఈ రెండో గాలికి కూలతాయి. అధికారులు చెప్పిందాకా గడప దాటకూడదు.

ఇదంతా విని తుపాను ముందు మనిషి చేయగలిగింది ఏమీ లేదని నిరాశపడవద్దు. లెక్క చూడండి. 1977లో సుమారు పదివేల మంది పోయారు. ఆ తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు, ఉపగ్రహాలు, రాడార్లు వచ్చాయి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర మళ్ళీ అంతటి తుపానే వచ్చింది. గాలి గంటకు 230 కిలోమీటర్లు దాటింది, ఉప్పెన కూడా వచ్చింది. అయినా చనిపోయినవారు వెయ్యికి లోపే. ముందుగా లక్షకు పైగా జనాన్ని ఖాళీ చేయించడం వల్లనే ఇది జరిగింది. ఒడిశాలో 1999 అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్ సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకున్నది. అదే రాష్ట్రంలో 2013 అక్టోబరు 12న ఫైలిన్ వచ్చినప్పుడు పది లక్షల మంది దాకా తరలించారు. పోయినవారు పదుల్లోనే. గాలిని ఎవరూ తగ్గించలేదు. సముద్రాన్ని ఎవరూ ఆపలేదు. మనుషులు ముందుగా లేచి వెళ్ళారు, అంతే తేడా.

వెళ్ళకుండా ఆపేది ఏమిటి? మేము చూసినంతవరకు కారణాలు చిన్నవిగా కనిపిస్తాయి గాని, ఆ ఇంటివాళ్ళకు పెద్దవి. సామాను ఎవరన్నా ఎత్తుకుపోతారేమోనని, మేకలను ఎక్కడ కట్టేయాలని, మంచం పట్టిన ముసలమ్మను ఎలా మోయాలని, పరాయి జనం మధ్య ఆడపిల్లలతో షెల్టరులో ఎలా ఉండాలని సంకోచిస్తారు. చేపల పడవ అప్పు మీద కొన్నదైతే దాన్ని వదిలి రావడానికి కాళ్ళాడవు. 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు, వేటకు వెళ్ళి సముద్రంలోనే గల్లంతైన వారు ఎందరో. ఆ సంకోచాలను తీర్చడం ప్రభుత్వం ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. ఇరుగుపొరుగు చేయాలి, మన సంఘం చేయాలి.

అందుచేత సభ్యుల ముందు కొన్ని సూచనలు పెడుతున్నాం. మొదటిది – తుపానుల కాలం రాకముందే, అంటే సెప్టెంబరులోనే, పూరిళ్ళలో, రేకుల ఇళ్ళలో, కాలవ గట్ల మీద ఉంటున్న మన కుటుంబాల జాబితా తయారు కావాలి. అందులో ముసలివాళ్ళు, గర్భిణీలు, నడవలేనివాళ్ళు ఎవరో రాసుకోవాలి. ఒక్కొక్క ఇంటిని ఒక్కొక్క యువకుడికి అప్పగించాలి. పొరుగున ఉన్నది ఏ మతం వారైనా ఆ జాబితాలో చేర్చాలి. ఉప్పెన ఎవరి ఇల్లో అడిగి రాదు.

రెండోది – హెచ్చరికలు రాగానే మసీదు మైకులో స్పష్టంగా తెలుగులోనూ, ఉర్దూలోనూ చెప్పాలి. వాతావరణ శాఖ వారు తీరం దాటడానికి 48 గంటల ముందు ఒకసారి, 24 గంటల ముందు మరొకసారి హెచ్చరిస్తారు. మొదటిది వినగానే సర్దుకోవాలి, రెండోది వినగానే కదలాలి. ఫోన్లలో ఎవరో పంపిన పుకార్లు మైకులో చదవకూడదు.

మూడోది – ఇంటి ఆడవాళ్ళకు ఒక విన్నపం. రేషను కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, పొలం పాసుపుస్తకం, నికానామా, పిల్లల సర్టిఫికెట్లు ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి గట్టిగా కట్టి సిద్ధంగా ఉంచండి. తుపాను తర్వాత నష్టపరిహారం కోసం తిరిగేటప్పుడు కాగితం లేనివాడి గోడు వినేవాడు ఉండడు. మంచినీళ్ళు, అటుకులు, మందులు, టార్చిలైటు ఆ సంచి పక్కనే ఉండాలి.

నాలుగోది – షెల్టరులో ఆడవాళ్ళకు వేరుగా చోటు, పరదా, మరుగుదొడ్డి ఉండేలా మన మహిళా సభ్యులే ముందుగా వెళ్ళి చూసి, మండల అధికారులతో మాట్లాడి రావాలి. ఆ ఒక్క ఏర్పాటు ఉంటే ఇల్లు కదలని ఎన్నో కుటుంబాలు కదులుతాయి.

గాలి వస్తే గట్టి గోడ చాటున నిలబడి తట్టుకోవచ్చు, ఉప్పెన వస్తే మాత్రం ఊరు వదలవలసిందే. కనుక ఇకమీదట రేడియోలో గాని ఫోన్లో గాని తుపాను మాట విన్నప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. గాలి ఎంత? నీరు ఎంత ఎత్తున వస్తుందన్నారు? వాన ఎంత కురుస్తుందన్నారు? మొదటి దానికి జవాబు విని మిగతా రెండూ వదిలేయకండి. మన ఊరు తుపాను దారికి ఏ పక్కన ఉన్నదో ఇంట్లో చదువుకునే పిల్లల చేత పటంలో చూపించమనండి. వాళ్ళకు అది పాఠం, మీకు రక్షణ.

ఈ సూచనలను కార్యవర్గం వారు పరిశీలించి, రానున్న సెప్టెంబరులోగా జాబితా పనైనా మొదలుపెట్టాలని కోరుతున్నాం.